పల్లెటూరి ఇంటికి డీప్ ఫ్రీజర్: ఏ రకం, ఎన్ని లీటర్లు, కరెంటు పోతే ఎట్లా?

నకిరేకల్_పుష్ప:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఇంట్లో అత్తమ్మ, మామయ్యతో కలిపి ఆరుగురం, పండక్కి మా మరిది వాళ్లు హైదరాబాద్ నుంచి వస్తే పది మంది అవుతాం. ఎండాకాలం చింతచిగురు, మామిడిపండ్లు, చలికాలం బటానీ, దసరాకు యాట కోస్తే మిగిలే మాంసం, చెరువు ఎండి చేపలు పట్టినప్పుడు ఒక్కసారే వచ్చే నాలుగైదు కిలోల చేపలు, ఇవన్నీ ఇప్పుడున్న డబుల్ డోర్ ఫ్రిజ్ పైగదిలో పట్టడం లేదు. విడిగా డీప్ ఫ్రీజర్ తీసుకుందామని నల్గొండ పోయి చూసి వచ్చాం. ఒక షాపులో మూడు వందల లీటర్ల పెట్టె తీసుకోండి, తక్కువది తీసుకుంటే తర్వాత బాధపడతారు అన్నారు. ఇంకో షాపులో బీరువా లెక్క నిలబడే రకం చూపించారు, సొరుగులు ఉన్నాయి, చూడ్డానికి బాగుంది, రేటు కూడా బాగానే ఉంది. మామయ్యేమో పెట్టె రకం ఐస్‌క్రీమ్ దుకాణాల వాళ్లు వాడేది, ఇంట్లో ఎందుకు అంటున్నారు. మాకు గాలిదుమారం వస్తే కరెంటు ఒక పూట, ఒక్కోసారి రాత్రంతా పోతుంది. పాతిక వేల లోపు పెట్టగలం. ఇళ్లల్లో వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.

సూర్యాపేట_ఫ్రిజ్_మెకానిక్:
అక్కా, నేను ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేర్ చేస్తాను, ఏ కంపెనీ డీలర్‌ని కాదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఆరు నెలలు, ఏడాది దాచిపెట్టడమే మీ అవసరమైతే పైకి మూత తెరిచే పెట్టె రకమే తీసుకోండి. చల్లటి గాలి బరువు. పైమూత తీసినా అది అడుగునే ఉంటుంది. నిలువు రకం తలుపు తీయగానే ఆ చల్లగాలంతా మీ కాళ్ల మీదికి జారిపోయి బయటి వేడిగాలి లోపలికి పోతుంది, మళ్లీ కంప్రెసర్ మొదటి నుంచి పని చేయాలి. మన దగ్గర మే నెలలో వంటింట్లోనే నలభై డిగ్రీలు ఉంటుంది, అప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

రెండో సంగతి, నిలువు వాటిలో చాలావరకు ఫ్రాస్ట్ ఫ్రీ వస్తున్నాయి. ఐస్ పేరుకోకుండా లోపల ఒక హీటర్ కొంతసేపటికోసారి వెలుగుతుంది, ఫ్యాన్ గాలి తిప్పుతుంది. నెల రోజులు పెట్టేవాటికి ఏమీ కాదు. ఎనిమిది నెలలు పెట్టే మాంసానికి మాత్రం ఆ గాలి, కొద్దికొద్దిగా ఎక్కి దిగే వేడి మంచిది కాదు, ప్యాకింగ్ లూజుగా ఉంటే పైన తెల్లగా ఎండిపోయి గడ్డిలాగా అవుతుంది. పెట్టె రకం దాదాపు అన్నీ డైరెక్ట్ కూల్. వాటిలో ఐస్ పేరుకుంటుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు మీరే కరిగించుకోవాలి. ఆ పని చేసుకోగలిగితే సరుకు బాగుంటుంది.

మూత గాజుది కాకుండా నిండు మూత ఉన్నదే తీసుకోండి, షాపులో హార్డ్ టాప్ అని అడగండి. గాజు మూత లోపల ఏముందో గిరాకీకి కనిపించాలని పెట్టింది, దాని గుండా వేడి లోపలికి పోతూనే ఉంటుంది.

ఇంకోటి ఎవరూ చూడరు, వెనక అతికించిన స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. ఎన్ అని ఉంటే చుట్టూ 32 డిగ్రీల వేడి దాకా, ఎస్‌టి అని ఉంటే 38 దాకా, టి అని ఉంటే 43 దాకా సరిగ్గా పనిచేసేలా తయారు చేశారని అర్థం. మన జిల్లాకు టి ఉండాల్సిందే, అది కూడా నీడలో, గాలి ఆడే చోట పెడితేనే. రేకుల షెడ్డులో, పడమటి గోడకు ఆనించి పెడితే ఎంత మంచి మిషన్ అయినా మే నెలలో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

దేవరకొండ_నరేందర్:
మెకానిక్ అన్న చెప్పింది రకం గురించి కరెక్టే. లీటర్ల సంగతి నేను చెప్తా. మూడు వందలు మీకు ఎక్కువ. సరుకు సాఫీగా, బల్లపరుపు ప్యాకెట్లు చేసి పేరిస్తే వంద లీటర్లకు నలభై కిలోలకు అటు ఇటుగా పడుతుంది, ఎగుడుదిగుడు కవర్లు పడేస్తే అంతకన్నా తక్కువే. మనిషికి ముప్పై, నలభై లీటర్లు అనుకుంటే ఆరుగురికి రెండు వందల చిల్లర. స్టిక్కర్ మీద గ్రాస్, నెట్ అని రెండు అంకెలు ఉంటే నెట్ చూడండి, సరుకు పట్టేది అదే.

పెద్దది తెచ్చి సగం ఖాళీగా ఉంచితే లాభం లేదు, నష్టమే. కరెంటు పోయినప్పుడు నిండుగా ఉన్నదే ఎక్కువసేపు గడ్డకట్టి ఉంటుంది. ఎండాకాలం చివర్లో సరుకు అయిపోయి ఖాళీ అయితే నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి (గడ్డ కడితే ఉబ్బుతుంది కాబట్టి నిండా పోయొద్దు) ఖాళీల్లో పెట్టండి.

మిర్యాలగూడ_సుజాత:
నేను ఒప్పుకోను. మా అమ్మకు డెబ్బై ఏళ్లు, నడుము నొప్పి. పెట్టె ఫ్రీజర్‌లో అడుగున ఉన్న ప్యాకెట్ తీయాలంటే పైనున్నవన్నీ తీసి కింద పెట్టి, సగం మనిషి లోపలికి వంగాలి. మా ఆడపడుచు వాళ్లింట్లో అదే ఉంది, అడుగున ఏముందో వాళ్లకే తెలియదు, ఎన్నడో పెట్టిన చేపలు ఏడాది దాటాక బయటపడతాయి. మా నిలువు ఫ్రీజర్‌లో ఒక సొరుగు మాంసం, ఒకటి కూరగాయలు, ఒకటి పండ్ల గుజ్జు, అమ్మ తనే తీసుకుంటుంది, ఎవరినీ పిలవాల్సిన పని లేదు. కరెంటు ఎక్కువ కాలుతుందని అంటారు గానీ, సొరుగులు మూసి ఉన్న రకంలో తలుపు తీసినా చల్లదనం మొత్తం పోదు. నిలువు రకంలో కూడా డైరెక్ట్ కూల్ ఉంటాయి, అడిగితే చూపిస్తారు. పుష్ప గారూ, రోజూ అందులోంచి సరుకు తీసేది మీ అత్తమ్మ గారైతే ఆమెను షాపుకి తీసుకుపోయి, ఒకసారి వంగి చూడమనండి. లీటర్లకన్నా ముందు చూడాల్సింది అది.

సూర్యాపేట_ఫ్రిజ్_మెకానిక్:
సుజాతక్క చెప్పింది న్యాయమైన మాట. వాడే మనిషి వంగలేకపోతే పెట్టె రకం వద్దు. పెట్టే తీసుకుంటే మాత్రం తీగ బుట్టలు రెండు మూడు అడిగి తీసుకోండి, కొన్నింటికి ఒకటే ఇస్తారు. లోతు మరీ ఎక్కువ లేనిది, అంటే ఎత్తు తక్కువ, పొడుగు ఎక్కువ ఉన్న మోడల్ వెతకండి. అడుగున ఏడాది దాచేవి, పైన బుట్టల్లో వారం వారం తీసేవి పెట్టుకుంటే రోజూ వంగే పని ఉండదు.

వనపర్తి_హోంసైన్స్_మేడమ్:
నేను కాలేజీలో హోంసైన్స్ చెప్పేదాన్ని. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఫ్రీజర్ అంటే మైనస్ 18 డిగ్రీలు. ఆ చలిలో ఆహారాన్ని పాడుచేసే సూక్ష్మక్రిములు పెరగవు. చావవు, పెరగవు అంతే. కాబట్టి మైనస్ 18 దగ్గర స్థిరంగా ఉన్నంతకాలం తింటే రోగం వస్తుందనే భయం లేదు, తగ్గేది రుచి, మెత్తదనం. బయటికి తీసి కరిగించాక అవే క్రిములు మళ్లీ లేస్తాయి.

ఫ్రిజ్ పైగదికీ దీనికీ తేడా ఏంటని అడుగుతారు. ఫ్రీజర్ గది తలుపు మీద మంచు గుర్తుతో చిన్న చుక్కలు (నక్షత్రం బొమ్మలు) ఉంటాయి, కరెంటు పొదుపు చెప్పే స్టార్ లేబుల్ వేరు, ఇవి వేరు. ఒక చుక్క ఉంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. ఒకటి రెండు చుక్కల గదిలో వారాల తరబడి మాంసం పెట్టి, గట్టిగానే ఉంది కదా అనుకోవడం సరికాదు. నాలుగో పెద్ద చుక్క ఉంటే కొత్త సరుకును గడ్డకట్టించే బలం కూడా ఉందని. ఫ్రీజర్ ఏది తెచ్చినా చిన్న థర్మామీటర్ ఒకటి లోపల పెట్టుకోండి, ఖరీదు తక్కువే. బయట నాబ్ మీద ఉండే అంకెలు డిగ్రీలు కావు.

రుచి తగ్గకుండా ఎంతకాలం అంటే, కోడి మొత్తంగా ఏడాది దాకా, ముక్కలైతే తొమ్మిది నెలలు. మటన్ ముక్కలు ఆరు నుంచి తొమ్మిది నెలలు ధైర్యంగా, ఖీమా మూడు నాలుగు నెలలే. కొవ్వు తక్కువ చేపలు ఆరు నెలలు, కొవ్వు ఎక్కువ ఉన్నవి రెండు మూడు నెలల్లో అయిపోవాలి, ఎందుకంటే గడ్డకట్టినా కొవ్వు మెల్లగా ముక్కిన వాసన పట్టడం ఆగదు. వండిన కూరలు రెండు మూడు నెలలు. ఉడకబెట్టి తీసిన కూరగాయలు ఎనిమిది నెలల నుంచి ఏడాది.

మనవాళ్లు మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి ఫ్రీజర్‌లో పెడతారు. రేపు వండుకునేదానికి పర్వాలేదు. నెలల తరబడి పెట్టేదానికి ఉప్పు వేయొద్దు, ఉప్పు వల్ల కొవ్వు ఇంకా తొందరగా చెడు వాసన పడుతుంది.

నకిరేకల్_పుష్ప:
మేడమ్, చాలా థాంక్స్. మేము ఎప్పుడూ ఉప్పు పసుపు పట్టించే పెడుతున్నాం. దసరాకు యాట కోసిన రోజే పోగులు పంచుకుని, మధ్యాహ్నం కల్లా ఫ్రిజ్‌లో పెట్టేస్తాం, అయినా తర్వాత వండితే ముక్క రబ్బరులాగా సాగుతుంది. అది యాట ముదురు కావడం వల్లా?

వనపర్తి_హోంసైన్స్_మేడమ్:
ముదురైతే అది కూడా ఒక కారణమే, కానీ మీరు చెప్పినదాన్ని బట్టి తొందరగా గడ్డకట్టించడం వల్ల అయ్యుంటుంది. కోసిన కొన్ని గంటలకు మాంసం బిగుసుకుంటుంది, తర్వాత మెల్లగా వదులవుతుంది. బిగుసుకోకముందే గడ్డకట్టిస్తే, కరిగించినప్పుడు ఒక్కసారిగా ముడుచుకుపోయి నీరంతా కారుతుంది, ముక్క సాగుతుంది. వేడిలో బయట ఉంచొద్దు, అది ఇంకా ప్రమాదం. ఒక రాత్రి, వీలైతే మర్నాడంతా ఫ్రిజ్ కింది భాగంలో మూత పెట్టిన గిన్నెలో ఉంచి, తర్వాత పూటకు సరిపడా ప్యాకెట్లు చేసి ఫ్రీజర్‌లో పెట్టండి.

ఒకేసారి పదిహేను కిలోలు తోయడం కూడా తప్పే. వంద లీటర్లకు రోజుకు మూడు నుంచి ఐదు కిలోల కొత్త సరుకే పెట్టాలి. అంతకు మించితే గడ్డకట్టడానికి ఆలస్యమవుతుంది, మెల్లగా గడ్డకడితే లోపల మంచు పలుకులు పెద్దవై కండను చీలుస్తాయి. అందుకే కరిగాక గిన్నె నిండా ఎర్రనీళ్లు. కొనేటప్పుడు 24 గంటల్లో ఎన్ని కిలోలు గడ్డకట్టిస్తుందో అడగండి, పుస్తకంలో రాసి ఉంటుంది. షాపువాళ్లు లీటర్లే చెప్తారు, ఇది చెప్పరు.

గద్వాల_శీను:
కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు. పుష్పక్కా, మీకు గృహజ్యోతి వస్తుందా? వస్తే ఇది జాగ్రత్తగా చూసుకోండి. నెలకు 200 యూనిట్ల లోపైతేనే జీరో బిల్లు, దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. రెండు వందల లీటర్ల పెట్టె ఫ్రీజర్ మన వేడిలో రోజుకు ఒకటిన్నర నుంచి మూడు యూనిట్ల దాకా తీసుకుంటుంది, అంటే నెలకు 45 నుంచి 90. మీ ఎండాకాలం బిల్లు ఇప్పటికే 140, 150 ఉంటే కూలర్లు నడిచే నెలల్లో 200 దాటే అవకాశం ఎక్కువ. పాత బిల్లులు తీసి ఏప్రిల్, మే నెలలు చూడండి. ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుని కరెంటు తక్కువ కాల్చే రకం) ఉన్నదానికి రెండు మూడు వేలు ఎక్కువైనా అందుకే తీసుకోమంటాను. డీప్ ఫ్రీజర్లకు కూడా ఇప్పుడు స్టార్ లేబుల్ వస్తోంది, దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్ని పన్నెండుతో భాగించుకుంటే నెల లెక్క వస్తుంది. అది కూడా ల్యాబ్‌లో తేల్చిన అంకె, మన దగ్గర ఇంకొంచెం ఎక్కువే వస్తుంది.

సూర్యాపేట_ఫ్రిజ్_మెకానిక్:
శీనన్న మాటకు ఇంకోటి కలుపుతా. మోటార్లు ఆన్ అయ్యే టైములో పల్లెల్లో వోల్టేజి 160కి పడిపోవడం నేను మీటరు పెట్టి చూసినదే. తక్కువ వోల్టేజిలో కంప్రెసర్ లేవడానికి తన్నుకుంటూ వేడెక్కి కాలిపోతుంది. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే, మిషన్ నాసిది కావడం వల్ల కాదు. 130 నుంచి 300 వోల్టుల మధ్య పనిచేసే స్టెబిలైజర్, కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషాల తర్వాతే ఫ్రీజర్‌కి ఇచ్చే టైమ్ డిలే ఉన్నది, డీప్ ఫ్రీజర్ కోసమని అడిగి తీసుకోండి. పాతిక వేలలో మూడు వేలు దీనికి ముందే పక్కన పెట్టండి. 16 ఆంప్స్ సాకెట్ విడిగా, దానికి సరైన ఎర్తింగ్. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఫ్రీజర్, మిక్సీ కలిపి పెట్టిన ఇళ్లు చూశాను, ప్లగ్గు కరిగి గోడకు అతుక్కుపోయింది.

దించిన రోజు వెంటనే ఆన్ చేయొద్దు. ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే కంప్రెసర్‌లో నూనె పైపుల్లోకి పోయి ఉంటుంది, నిలబెట్టి కనీసం అర పూట వదిలేయండి. గోడకు జానెడు ఎడం. ఆన్ చేశాక థర్మామీటర్ మైనస్ 18 చూపించేదాకా ఖాళీగా తిరగనిచ్చి, అప్పుడు సరుకు పెట్టండి.

దేవరకొండ_నరేందర్:
కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడిపే ఇంటి ఇన్వర్టర్ మీద ఫ్రీజర్ నడుస్తుందా అని కొందరు నన్ను అడుగుతుంటారు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టొద్దు, కంప్రెసర్ వేడెక్కి పాడవుతుంది. ప్యూర్ సైన్ వేవ్ (మామూలు కరెంటులాంటిదే ఇచ్చే రకం) అయినా, మామూలు కంప్రెసర్ లేచేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది, చిన్న ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. అసలు ఒక రాత్రి కరెంటు పోతే ఇన్వర్టర్ అక్కర్లేదు. మూత తీయకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు సరుకును కాపాడుతుంది. మన ఎండల్లో అందులోంచి కొంత తగ్గించి లెక్కేసుకోండి, అయినా ఒక రాత్రికి భయం లేదు. పైన మందపాటి బొంత కప్పండి, వెనక గాలి పోయే చోటు వదిలేసి, కరెంటు రాగానే తీసేయండి. పిల్లలు కరిగిందేమో అని మాటిమాటికీ మూత తీసి చూడకుండా ఒక టేపు అంటించండి.

ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందేమో తెలియాలంటే ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, మీద రూపాయి బిళ్ల పెట్టి లోపలే ఉంచండి. వచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. మధ్యలోకి దిగి గడ్డకట్టి ఉంటే సరుకు కూడా కొంత కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అడుగుకు పోయి ఉంటే పారేయడమే.

మిర్యాలగూడ_సుజాత:
పోయిన ఏడాది గాలివానకు మాకు ఒకటిన్నర రోజు కరెంటు లేదు. పై సొరుగులో చికెన్ మెత్తబడింది, కింద సొరుగులు రాయిలాగే ఉన్నాయి. మెత్తబడినదాన్ని మళ్లీ గడ్డకట్టించొచ్చా అనేది అప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మేడమ్, మీరు చెప్పండి.

వనపర్తి_హోంసైన్స్_మేడమ్:
లోపల ఇంకా మంచు పలుకులు చేతికి తగులుతుంటే, లేదా ఫ్రిజ్ అంత చల్లగా అంటే 4 డిగ్రీల లోపు ఉంటే మళ్లీ గడ్డకట్టించొచ్చు, రుచి కొంత తగ్గుతుంది అంతే. లేదంటే అదే రోజు పూర్తిగా వండి, కూరగా చల్లార్చి ఫ్రీజ్ చేయొచ్చు. రెండు గంటలకు మించి వెచ్చబడి ఉంటే మాత్రం వాసన బాగానే ఉందని నమ్మొద్దు, పారేయండి. వండటానికి కరిగించేటప్పుడు కూడా ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింద పెట్టండి. అర్జెంటైతే కవర్ గట్టిగా కట్టి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. పొద్దున్నే గట్టు మీద పెట్టి పొలానికి పోవడం మన ఎండల్లో అస్సలు మంచిది కాదు, పైన మెత్తబడి క్రిములు పెరుగుతాయి, లోపల ఇంకా గడ్డే ఉంటుంది.

కొల్లాపూర్_మామిడితోట:
నమస్తే. మా దగ్గర తోట ఉంది, మామిడి, సీతాఫలం గురించి నాకు తెలిసింది రాస్తాను. బేనిషాన్ బాగా పండినది ముక్కలు కోసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, ముందు గట్టిపడనిచ్చి తర్వాత కవర్‌లో వేయండి. అప్పుడు కావాల్సినన్ని ముక్కలు తీసుకోవచ్చు, ఒకే బండలాగా అతుక్కోవు. గుజ్జు అయితే కవర్లలో పోసి పలచగా, పుస్తకంలాగా బల్లపరుపుగా పడుకోబెట్టి గడ్డకట్టించి తర్వాత నిలువుగా పేర్చండి. చోటు సగం మిగులుతుంది, తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కరుగుతుంది.

బాలానగర్ సీతాఫలం సంగతి వేరు. గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది, అందుకే మామిడి తాండ్రలాగా దాచలేం, ఫ్రీజరే దానికి దారి. గింజలు తీసి, కొంచెం నిమ్మరసం, చక్కెర కలిపి గాలి లేకుండా ప్యాక్ చేయాలి, గాలి తగిలితే గంటలోనే రంగు మారుతుంది. కవర్ మూతి కొంచెం వదిలి, నీళ్ల బకెట్‌లో మెల్లగా దించితే నీళ్లే గాలిని బయటికి నెట్టేస్తాయి, అప్పుడు మూతి బిగించండి. వాక్యూమ్ మిషన్ లేకపోయినా పని అవుతుంది. ఫ్రీజర్ కొనడానికి పెట్టే ఆలోచనలో సగం ప్యాకింగ్ మీద పెట్టినా సరుకు బాగుంటుంది.

సాగర్_కట్ట:
చేపల గురించి నేను. బొచ్చె, రవ్వ ముక్కలు కడిగి తడి లేకుండా తుడిచి పళ్లెంలో గట్టిపడనిచ్చి, ఆ గడ్డ ముక్కల్ని ఐసు నీళ్లలో ఒకసారి ముంచి తీసి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టండి. ముక్క చుట్టూ అద్దంలాంటి మంచు పొర పడుతుంది. రెండుసార్లు అట్లా చేసి కవర్‌లో వేస్తే గాలి తగలదు, ఎండిపోదు. కొర్రమీను మాత్రం దాచకండి, బతికున్నది తెచ్చి ఆ రోజే వండుకుంటేనే దాని రుచి.

అచ్చంపేట_పెద్దాయన:
అందరూ మంచి మాటలే చెప్తున్నారు. ఒక్క సంగతి. అన్నింటినీ ఫ్రీజర్‌లోకి తోయొద్దు బిడ్డా. మాంసం మిగిలితే ఒట్టి తునకలు చేసి ఎండబెట్టేవాళ్లం, ఇప్పటికీ మా ఇంట్లో చేస్తాం, చింతచిగురుతో పులుసు పెడితే ఫ్రీజర్ మాంసం దాని ముందు నిలవదు. వంకాయ, కాకరకాయ ఒరుగులు, ఎండు మిరపకాయలు, చింతపండు, వీటికి కరెంటుతో పని లేదు. చింతచిగురు కూడా నీడలో ఎండబెడితే ఏడాది ఉంటుంది. ఫ్రీజర్‌లో చోటు ఎండబెట్టలేని వాటికి ఉంచుకోండి. అప్పుడు రెండు వందల లీటర్లు కూడా ఎక్కువే కావచ్చు.

వనపర్తి_హోంసైన్స్_మేడమ్:
పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆలుగడ్డ, దోసకాయ, సొరకాయ, ఉడికించిన గుడ్డు, పెరుగు ఫ్రీజర్‌కి పనికిరావు, నీళ్లు కారి పాడవుతాయి. బటానీ, బీన్స్, మునగకాడ మంచివే, కానీ పచ్చివి నేరుగా పెట్టొద్దు. మరిగే నీళ్లలో బటానీ నిమిషంన్నర, బీన్స్ మూడు నిమిషాలు వేసి వెంటనే ఐసు నీళ్లలోకి తీసి ఆరబెట్టి పెట్టండి, లేకపోతే మూడు నెలలకే గడ్డి రుచి వస్తుంది. చింతచిగురు కడిగి పూర్తిగా ఆరనిచ్చి పచ్చిదే పెట్టుకోవచ్చు. పుంటికూర నూనెలో మగ్గించి పెడితే చోటు కలిసొస్తుంది. కొత్త కందిపప్పు, పెసర్లు పురుగు పట్టకుండా ఐదారు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీయండి, గుడ్లు కూడా చస్తాయి. తీశాక మామూలు వేడికి వచ్చేదాకా మూట విప్పొద్దు, విప్పితే చెమ్మ పడుతుంది.

నకిరేకల్_పుష్ప:
అందరికీ చేతులెత్తి దండం. నిన్న అత్తమ్మను తీసుకుని మళ్లీ పోయాం. ఆమె వంగి చూసి, ఎత్తు తక్కువ ఉన్న పెట్టె రకమైతే ఇబ్బంది లేదు అన్నది. రెండు వందల లీటర్లకు కొంచెం తక్కువ, నిండు మూత, ఇన్వర్టర్ కంప్రెసర్, స్టిక్కర్ మీద టి ఉన్నది దొరికింది. బుట్ట ఒకటే ఇస్తామంటే ఇంకోటి అడిగి తీసుకున్నాం. స్టెబిలైజర్ విడిగా తీసుకున్నాం. మా ఏప్రిల్ బిల్లు 120 యూనిట్లు ఉంది కాబట్టి శీను గారు చెప్పినట్టు మే నెలలో మీటరు చూసుకుంటూ ఉంటాం. వంటింట్లో కాకుండా ఉత్తరం వైపు గదిలో పెట్టిస్తున్నాం, ఎర్తింగ్ పని సోమవారం.

హాలియా_వెంకట్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఐస్‌క్రీమ్ షాపు మూసేస్తున్నవాళ్లు గాజు మూత ఫ్రీజర్ సగం రేటుకు ఇస్తామంటున్నారు, నాలుగేళ్లది. తీసుకోవచ్చా? మూత మీద థర్మాకోల్ వేసుకుంటే సరిపోతుందా?

సూర్యాపేట_ఫ్రిజ్_మెకానిక్:
వెంకటన్నా, తీసుకునే ముందు ఒక రాత్రి ఖాళీగా నడిపి చూడనివ్వమనండి. పొద్దున థర్మామీటర్ మైనస్ 18 చూపించాలి, కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగి లేవాలి. ఆగకుండా తిరుగుతుంటే గ్యాస్ తగ్గిందో, రబ్బరు పోయిందో. మూత అంచున కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. లోపలి గోడలు వేలితో తడిమి చూడండి, కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఐస్ గీకిన గాట్లు ఉంటే వద్దు. ఆ గోడ వెనకే గ్యాస్ పైపులు ఉంటాయి, ఒకసారి పొడుచుకుంటే పెట్టె రకంలో అతికించడం దాదాపు కాదు, దాన్ని పారేయడమే. మీరు వాడేటప్పుడు కూడా ఐస్ వేలు మందం కాకముందే స్విచ్ తీసి, సరుకు బొంతలో చుట్టి, అడుగు బిరడా తీసి నీళ్లు పోనివ్వండి, గట్టిగా ఉంటే చెక్క గరిటె వాడండి. థర్మాకోల్ వేస్తే కొంత పనిచేస్తుంది గానీ గాజుకు చెమ్మ పట్టి అంచున గడ్డకడుతుంది, నిండు మూతతో సమానం కాదు. వెనక స్టిక్కర్ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, క్లైమేట్ క్లాస్, గ్యాస్ రకం చూసి చెప్తా.